చుక్క ఉందా?

అర్థంలో థకి పొట్టలో చుక్క ఉంటుంది.
చుక్క రాలిందా, అది సగమైపోతుంది.
ముప్పై తొమ్మిదేళ్లు
ఆ చుక్కకి కాపలా ఉన్నందుకే జీతమిచ్చారు నాకు,
మొదట పత్రికలో, తర్వాత నారాయణగూడలో
మల్సూర్ ప్రెస్సులో, ఫ్యాను గాలికి ప్రూఫులు ఎగరకుండా
స్టెప్లరు బరువు పెట్టుకుని.

రెండేళ్ల కిందట శుక్లం తీసి కట్టు విప్పినరోజు
గోడకి ఎవరు సున్నం వేయించారని అడిగాను.
ఇంటికొచ్చి వంటింటి మూల బూజు చూసి సిగ్గుపడ్డాను.
రామ్‌నగర్ చేపల మార్కెట్లో
పొలుసు పొలుసుకీ ఒక దీపం.

ఇప్పుడు మళ్లీ
అద్దం మీద ఎవరో ఊపిరి వదిలి తుడవకుండా పోయినట్టు.
రాత్రి ఎదురొచ్చే ఆటో లైటుకి చుట్టూ వెంట్రుకలు మొలుస్తున్నాయి.
బస్సు నెంబరులో మూడో ఎనిమిదో దగ్గరికొచ్చేదాకా తేలదు,
తేలేసరికి బస్సు ఆగదు.
కళ్లజోడు చెంగుతో తుడిచాను, సబ్బుతో కడిగాను.
మసక అద్దానిది కాదు.

"మళ్లీ శుక్లమా?"
"కాదమ్మా," అంది డాక్టర్ నిఖత్.
"పాత కటకం తీశాం, దాన్ని పట్టుకున్న సంచి ఉంచేశాం,
కొత్తది అందులోనే కూర్చుంది.
ఆ సంచి వెనక పొర మసకబారింది.
లేజరుతో మధ్యలో చిన్న కిటికీ తెరుస్తాం.
కత్తి లేదు, కట్టు లేదు, ఐదు నిమిషాలు."
ఆగి,
"తెరిచాక మూయలేం. తొందరేం లేదు,
మీకు అడ్డమనిపించినప్పుడే రండి."
ఆ ఆగడం నచ్చింది నాకు.
కామా ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి.

ఐదు నిమిషాల పనికి ఐదు వారాలు ఆలోచించాను.
నాకున్నది ఒకటే కన్ను.
ఎడమది పుట్టు బద్ధకస్తురాలు,
గుమ్మం దాకా వస్తుంది, లోపలికి రాదు.
కుడిదానికి చిన్నప్పట్నుంచీ మైనస్ తొమ్మిది.
అలాంటి కంట్లో వెనక తెర ఊడే భయం కొంచెం ఎక్కువట.
కొంచెం అంటే?
"తక్కువే. సున్నా మాత్రం కాదు."
సున్నా విలువ నాకు చెప్పాలా,
బండకీ బడకీ మధ్య ఉన్నదదే కదా.

కింద వాటా జరీనా అంది:
"మా మామకి చేశారు. టిక్ టిక్ మంది, అయిపోయింది.
బయటికొచ్చి జామకాయలు బేరమాడాడు."
మల్సూర్ అన్నాడు:
"గింత మసకకే గాబరైతే ఎట్లమ్మా, నడుస్తలేదా?"
నడుస్తోంది. నిజమే.
అద్దంలో నా మొహం కూడా పదేళ్లు వెనక్కి నడిచింది.

గురువారం ఒకావిడ వచ్చింది,
భర్త పదోరోజు కార్డు చేతిలో పెట్టుకుని.
మన్మథరావు పోయి మన్మధరావు అచ్చయ్యాడు.
మూడొందల కాపీలు.
అరవలేదు.
"రేషన్ కార్డులో తప్పే, కరెంటు బిల్లులో తప్పే,
ఇదొక్కటీ సరిగ్గా వస్తుందనుకున్నా," అని
కార్డు బల్ల మీద ఉంచి
చెప్పులేసుకుంది.
ప్రూఫు తీసి చూశాను. నా సంతకమే ఉంది.
చుక్క ఉందనే అనుకున్నాను.
చూడలేదు, అనుకున్నాను.

సమ్మతి పత్రం ఇచ్చింది నర్సు.
మూడో లైనులో దృష్టి దగ్గర ఆగిపోయాను.
ష కింద ఉన్నది ట వత్తా, ఠ వత్తా?
ముక్కుకి ఆనించాను, చేయి చాచాను, కిటికీ వైపు తిప్పాను.
"అమ్మాయ్, ఈ వత్తులో చుక్క ఉందా?"
"చుక్కేంటి మేడమ్?"
వంగి చూసింది, పాపం, నిజంగానే చూసింది.
"ఏదైతే ఏంటి, అర్థమవుతోందిగా."

సంతకం పెట్టాను.
ఎర్ర పెన్ను సంచిలో ఎప్పుడూ ఉంటుంది,
మార్జినులో చిన్న ప్రశ్నార్థకం వేసి
నకలు ఒకటి నాకు కావాలన్నాను,
రేపు చూసుకోవడానికి.

మందు చుక్కలు. చల్లటి పీట మీద గడ్డం.
చీకట్లో ఎర్ర చుక్క,
కాదు, రెండు, ఒకదానిలోకి ఒకటి పోతూ.
ఒకటా రెండా అని అడగబోయాను.
"కదలొద్దమ్మా," అంది నిఖత్,
ఆగి.