తునికాకు మందం

సిరొంచ ఠాణా కోత్‌లో
ఇరవై ఆరేళ్ళుగా తుపాకులకు నూనె పెడుతున్నవాణ్ణి.
రిజిస్టరు మరాఠీలో రాస్తాను,
లెక్క మాత్రం తెలుగులోనే పెడతాను.
కొత్త పిస్తోళ్ళకు మూడేసి చుక్కలు,
వెనక రెండు, ముందు ఒకటి.
కరెంటు పోయిన రాత్రి బీరువా తలుపు తీస్తే
పచ్చగా, వానాకాలం పురుగుల్లా,
నాకంటే ముందు అవే నన్ను చూస్తాయి.

తునికాకు కోతల ముందు, ఒక మిట్టమధ్యాహ్నం
దుర్గం పోసుబాయి వచ్చింది.
ఏడో నెల. నెత్తిన కొంగు.
చెప్పులకు ప్రాణహిత ఇసుక.
గడప దాటలేదు.

"కాకా, మా ఆయన గా పిస్తోలు దిండు కింద పెట్టుకొని పంటడు.
రాత్రంత మండుతది, వేడి లేదు.
వేడి లేని మంట మంచిదేనా?
ఎక్స్‌రే రూములకు నన్ను పోనియ్యలే అహేరి డాక్టరమ్మ.
ఇదేమో నా తలకాడనే ఉండె."

నవ్వలేదు నేను.
స్టూలు జరిపాను. కూచోలేదు.

చెప్పాను, నాకు తెలిసినంత.
లోపలి గాజు గొట్టం బియ్యపు నూకంత ఉంటుందనీ,
అందులో నింపింది ఒక వాయువనీ,
నీళ్ళలో ఉండేదానికే బరువెక్కిన తోబుట్టువు,
పేరు ట్రిటియం అనీ.
అది విసిరే కిరణానికి సత్తువ లేదమ్మా,
గాజునే దాటలేదు,
దాటినా ఒంటి మీది చచ్చిన తోలు దగ్గరే పడిపోతుంది.

ఆమె కళ్ళు ఇంకా గుమ్మం బయటే ఉన్నాయి.
బల్ల మీది బీడీ ఆకుల్లోంచి ఒకటి లాగి ఇచ్చాను.
"ఇదిగో, ఈ తునికాకు మందం కూడా దాటదు."

ఆకును వేళ్ళతో తడిమింది.
కట్టకు ఒక్క ఆకు తగ్గినా
చూడకుండా చెప్పే వేళ్ళు అవి.

"పలిగితే?"
కిటికీ తెరిచి బయటికి రా. చీపురు పట్టకు.
చేతులు కడుక్కో, నాకు కబురు పెట్టు.
ఒక్కటి పగిలితే ఏమీ కాదు.
అయినా కిటికీ తెరువు.

"ఎన్నేండ్లు మండుతది?"
పన్నెండేళ్ళకు సగం.
ఇంకో పన్నెండేళ్ళకు ఆ సగంలో సగం.
పాతదొకటి తీసి దోసిట్లో చీకటి చేసి చూపించాను,
ఆరబోయే బీడీ కొసలా ఉంది.
పొట్ట మీద చెయ్యి వేసుకుని
పెదాలతో ఏదో లెక్కపెట్టింది.
"అంటే వీడు ఆరో తరగతికి పొయ్యే యాళ్ళకు సగం."
అవునన్నాను.
ఆ లెక్క కంపెనీ కాగితంలో లేదు.

వెళ్ళబోతూ ఆగింది.
"మరి అవతల నిలబడ్డోనికి కనబడుతదా, గీ వెలుగు?"

కనబడదు. పట్టుకున్నవాడి వైపే ఉంటుంది.

"వానికి కనబడది," అంది,
నాతో కాదు, ఆకుతో.

మ్యాగజీను తీసి వేరుగా దాచమని చెప్పు,
తాళం పెట్టె కావాలంటే నేనిస్తాను అన్నాను.
భయపడాల్సింది చుక్కలకు కాదని
ఇంకేదో అనబోయి
నోట్లోనే ఉంచుకున్నాను.
నేను చెబితే తెలిసే మనిషి అయితే
అంత ఎండలో నడిచి వచ్చేది కాదు.

సోమవారం తనిఖీకి సడవలి వచ్చాడు.
తోలు సంచీలోంచి పిస్తోలు లాగితే
దానితోపాటు ఒక ఆకు రాలింది,
చుక్కల కొలతకు కత్తెరతో కోసిన ముక్క.
వాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు.
"రోజూ పొద్దుగాల పెడ్తది కాకా. వద్దంటే ఇనది."

తుడిచాను. నూనె పెట్టాను. నంబరు రాశాను.
రిజిస్టరులో ఎన్ని గడులున్నా
ఆకుకు గడి లేదు.
వంగి తీసి చూశాను, ఎండి చిట్లిపోయింది.

కొత్తది పెట్టమను, అన్నాను.
కోతలు మొదలైనయి కదా.