ఎనిమిదిన్నర

ఎనిమిదిన్నరకి ఇంకా చెయ్యి జేబులోకి పోతుంది.
తాళంచెవి లేదు.
నశ్యం డబ్బీ తగులుతుంది.

ముప్పైయొక్క ఏండ్లు
కణేకల్లు మండలాఫీసు వెనక, ముళ్లకంచె లోపల,
మోకాలెత్తు రెయిన్‌గేజి
మూత నేనే తీసినాను.
గాజుగొట్టం కంటికి సమంగా పట్టి
నీళ్లు ఏ గీత కాడ నిలిచినాయో చూసి రాసినాను.
రాసినాను అంటే,
సున్నా. సున్నా. సున్నా.
మా సీమలో వాన రాసేవాని పని
ముక్కాలు భాగం సున్నాలు చుట్టడమే.
నా సున్నాలు గుండ్రంగా ఉంటాయని
అనంతపురం ఆఫీసులో సరోజినమ్మ మేడం
ఒకసారి మెచ్చుకుంది కూడా.

మే ఆఖరున శాలువా కప్పినారు.
మిక్చరు, మైసూరుపాకు, గోడగడియారం.
తాసిల్దారు నన్ను హుస్సేనయ్య అన్నాడు.
హుస్సేనప్ప అని ఎవరో చెవిలో చెప్పేసరికి
చప్పట్లు అయిపోయినాయి.

గడియారం అట్టపెట్టెలోనే ఉంది.
మేకు కొట్టమని మాబున్నీ రెండుసార్లు అడిగింది.
మూడోసారి అడగలేదు.

బాగనే ఉన్నాను అని అందరికీ చెప్పినాను.
నిజానికి ఏం చేసినానంటే,
శనక్కాయలు ఒలిచినాను, విత్తనానికి కాదు, ఊరికే.
పేపరు రెండుసార్లు చదివినాను, టెండరు ప్రకటనలతో సహా.
చారులో ఉప్పెక్కువైందని గిన్నె తోసేసినాను.
ఉప్పు సరిగ్గానే ఉంది.
ఆ రాత్రి ఆమె వీపు దిక్కు చూస్తా పడుకొని
తప్పైంది అనే మాట
నోట్లో తిప్పుకుంటా తిప్పుకుంటా నిద్రపోయినాను.

ముందు, బస్టాండులో రైతులు పట్టుకునేవాళ్లు:
"సారూ, రాత్రి ఎంత పడింది?"
నేనే పోసినట్టు.
తొమ్మిది మిల్లీమీటర్లంటే
నా చెయ్యే పొదుపు చేసినట్టు మొహం పెట్టి పోయేవాళ్లు.
అదీ ఒక గౌరవమే అని ఇప్పుడు తెలుస్తాంది.
ఇప్పుడు టీ బంకు కాడ ఒకటే పలకరింపు:
"ఏం సారూ, ఖాళీనా?"

ఆ మాటను చంకలో పెట్టుకొని
ఒక సాయంత్రం హగరి దిక్కు నడిచినాను.
ఆషాఢం గాలి. ఇసుక లేచి పండ్ల కింద కరకరమంటాంది.
ఏట్లో చుక్క నీళ్లు లేవు.
అయినా అవతలి గట్టు నుంచి వచ్చే గొర్రెలాయన
"ఏరు దాటొచ్చినా" అనే అన్నాడు.

గట్టున కూచుంటే గుర్తొచ్చింది.
ఖాళీ గేజిని నేనెన్నడూ చూడకుండా వదల్లేదు.
వాన లేదని ఆకాశమంతా చెప్తాన్నా
పోయి, వంగి, మూత తీసి, లోపలికి చూసి,
లేదు అని రాసి, సంతకం పెట్టినాను.
జొరమొచ్చిన రోజుల్లో.
అమ్మ పోయిన మూడో దినం, జియారతుకు ముందు కూడా.
ఎండిపోయిన రోజుకు అంత మర్యాద చేసినోడిని,
రెండు నెలలుగా
నా మూత నేను తీయలేదు.

ఇంటికొచ్చి మాబున్నీకి చెప్దామనుకున్నాను.
ఏమని చెప్పేది? చేతులు కడుక్కొని కూచున్నాను.

నిన్న పొద్దున ఫోను.
వన్నూరప్ప, నా కుర్చీలోకి వచ్చిన పిల్లోడు.
"సార్, నేల మీద చినుకు మచ్చలున్నాయి,
గొట్టంలో మొదటి గీతకు కూడా అందడంల్యా.
సున్నా వేసేదా?"

"వద్దు నాయనా," అన్నాను.
గొంతు ఎందుకో పెద్దదైంది.
"కొలతకందని దానికి వేరే గుర్తుంది, ముందుపేజీలో చూడు.
పడింది, అంతే.
ఎంతని రాయొద్దు.
పడలేదని మాత్రం రాయొద్దు."

ఫోను పెట్టి, సుత్తి యాడుందని అడిగినాను.
"ఎందుకు?" అంది, తెలిసీ.
స్టూలెక్కి మేకు కొట్టినాను. రెండు దెబ్బలు వేలి మీదే.
గడియారం తగిలించి వెనక్కి జరిగి చూస్తే
తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ.

"ఒక పక్కకు వాలింది," అంది మాబున్నీ.
"ఎంత?"

చేటలో బియ్యం చెరుగుతా, తలెత్తకుండా అంది:
"వాలింది, అంతే.
ఎంతని రాయొద్దు."