మూడు ఫ్రేములు

క్లాప్ బోర్డు తీసుకెళ్ళడం మరిచారు.
మూడు కెమెరాలకూ కలిపి ఒకటే ఆనవాలు:
పెళ్ళి బల్లల పక్కన ఎవరి చేతినుంచో జారిన మూకుడు.

కుతాయిసిలో, రాత్రి రెండు దాటాక,
నెస్తాన్ ఆ ఖంగు మీద వేలుపెట్టి
మూడు శబ్దరేఖల్నీ ఒక్క నిలువుకు తెచ్చింది.

ఇక కోతలు సులువే.
ఒతార్ గొంతు నరం, బల్లమీద అతని గుప్పిలి,
సగం ఎత్తి ఆపిన గ్లాసులు.
బొమ్మ ఎన్నిసార్లు తెగినా
పాటకు కత్తెర తగల్లేదు.

మూడో కెమెరాకి మారేసరికి మాత్రం
పెదవులు ముందు, గొంతు వెనక.
మూడంటే మూడు ఫ్రేములు.

"నలభై మీటర్లు నడిచొచ్చింది పాపం" అని
గేలా ఆవులించాడు. "జరిపెయ్."

జరపబోయింది.
షాట్ అంచున, మసకగా, ఆకుపచ్చ శాలువా కప్పిన భుజం.
పేరు తెలీదు.
నాలుగు గంటల ఫుటేజీలో
ఎవరూ బంతిలోకి పిలవని మనిషి,
గేటు దగ్గరే నిలబడి మొత్తం విన్నది.

ఆమెకి పాట చేరింది ఇలాగే కదా,
అతని నోరు తెరుచుకున్నాక, కాస్త ఆగి.

గేలా కుర్చీలోనే నిద్రపోయాడు.
నెస్తాన్ మిగతావన్నీ మరోసారి సరిచూసి
ఆ ఒక్క కోతనీ ముట్టుకోకుండా
సేవ్ చేసింది.