బెంబ్రిడ్జ్ బురదలో

మూడేళ్లుగా మినోర్కా పటం
బల్ల సొరుగులో మడతలు పడి ఉంది.
మహోన్, ఫోర్నెల్స్, సియుటడెల్యా...
రేవు రేవుకీ విన్నిఫ్రెడ్ పెన్సిల్‌తో సున్నా చుట్టింది.
ఒకదాని మీద టీ కప్పు మరక, రేవుకన్నా పెద్దది.

ఈ వేసవికీ కుదర్లేదు.
ఆవిడ మోకాలు, నా సెలవులు, ఇంజను దగ్గు.
అందుకని వైట్ దీవి చుట్టే తిరుగుతున్నాం.
యార్మత్‌లో వాన.
కౌస్‌లో పందెపు పడవల కుర్రాళ్లు
మా అతుకుల తెరచాపని చూసి
నవ్వు మర్యాదగా మింగారు.

రేడియోలో పడవ పేరు చెప్పాను: తూనీగ.
"ట్యూనా, మళ్లీ చెప్పండి," అంది రేవు గొంతు.
మూడోసారికి చేపగానే ఒప్పేసుకున్నాం.

బెంబ్రిడ్జ్‌కి ఆలస్యంగా చేరాం.
ఆటునీరు మాకంటే ముందే బయల్దేరి వెళ్లిపోయింది.
అడుగున ఏదో మెత్తగా పట్టుకుంది,
సంతలో తెలిసినవాళ్లెవరో చెయ్యి పట్టుకున్నట్టు.
తూనీగ ఒక పక్కకి ఒరిగింది.
గిన్నెలన్నీ ఓ మూలకి చేరాయి.

పోటు రావడానికి ఇంకా ఆరు గంటలు.
విన్నిఫ్రెడ్ పటం తీసి వాలు బల్ల మీద పరిచింది,
జారకుండా నా మాగాయ సీసా ఆనించింది.
"అక్కడ పోటు జానెడే లేస్తుందట."
"మరి ఇలా కూరుకుపోతే?"
బయట ఒక కొంగ
మా లంగరు గొలుసు పక్కనుంచి నడిచి వెళ్లింది.
"ఎవరో వచ్చి లాగాలి," అంది చాలాసేపటికి.
"ఇక్కడైతే నీళ్లే వస్తాయి."

పటం మడవలేదు.
రాత్రి పదకొండు దాటాక
నా వీపు కింద చెక్క ఒకసారి ఊపిరి పీల్చింది.
చీకట్లో మాగాయ సీసా
మెల్లగా నిటారుగా నిలబడింది.