పదకొండు నలభై ఏడు

కర్నూలు పెద్దాసుపత్రి ఓపీ కౌంటర్లో
పాస్‌వర్డు అందరికీ తెలుసు.
కొండారెడ్డి బురుజు, పక్కన ఒకటి రెండు మూడు.
కీబోర్డు కింద తెల్ల ప్లాస్టరు ముక్క మీద
ఎవరో నర్సమ్మ రాసి అంటించింది,
సెలైన్ సూది జారకుండా వేసే ప్లాస్టరే.
బురుజుకైనా రాత్రి తాళం వేస్తారు.

లాగిన్ పేరు మాత్రం నాది: కాశింబీ జీరో ఫోర్.
పొద్దున నేను తెరిస్తే
ల్యాబు పిల్లోళ్ళు, హౌస్ సర్జన్లు, రాత్రి డ్యూటీ వార్డుబాయిలు
నా పేరుతోనే లోపలికి పోయి నా పేరుతోనే బయటికొస్తారు.
క్యూ గేటు దాటి టీ బంకు దాకా ఉన్నప్పుడు
ఎవరి చెప్పులు ఎవరు తొడుక్కున్నారని చూస్తామా.

రికార్డు రూము మద్దిలేటి నవ్వుతాడు.
రెండు వేల తొమ్మిదిలో తుంగభద్ర ఊళ్ళోకొచ్చినప్పుడు
కేసుషీట్ల కట్టలు మేడ మీద ఆరబెట్టినోడు.
"నీళ్ళు తాగినాయి గానీ పాపా,
వొక్క కాయితమన్నా ఊళ్ళోకి పోయి చాడీలు చెప్పెనా?
తాళంచెవి నా మొలతాడుకే ఉండె."

నేను ఫైర్‌వాల్ గురించి చెప్తాను.
సర్వరు గది చలి గురించి,
బయటి దొంగ లోపలికి రాలేకపోవడం గురించి.
చెవి మీది బీడీ సర్దుకుంటాడు.
"బయటోడికి మనతో ఏం పని పాపా?"

ఆ సోమవారం ఉరుకుందమ్మ వచ్చింది.
గుంటూరు సుగ్గికి పోయి తిరిగొచ్చిన మనిషి,
వేళ్ళ సందుల్లో ఇంకా మిరప మంట.
కిటికీ చువ్వలు పట్టుకొని అడిగింది:
"నా రిపోర్టు నాకంటే ముందు కోసిగికి ఎట్ల పోయిందమ్మా?
నేను బస్సు దిగేతలికి
బోరింగు కాడ బిందెలు పక్కకు జరుపుకున్యారు.
నేను ఎవురికీ చెప్పలే.
మీ పెట్టెకే చెప్తి."

ఏం జబ్బని మీరు అడగబోతున్నారు.

లాగ్ తెరిచాను.
ఎవరు, ఏ ఫైలు, ఏ కంప్యూటరు, ఎన్ని గంటలకు.
అది అబద్ధం చెప్పదు. నిజమూ చెప్పదు.
శుక్రవారం రాత్రి పదకొండు నలభై ఏడు.
ఫైలు తెరిచింది: కాశింబీ జీరో ఫోర్.

ఆ వేళకు నేను బుధవారపేటలో మా ఇంట్లో
పిల్ల యూనిఫారం ఉతికి తీగ మీద ఆరేస్తున్నాను.
క్లిప్పులు చాలక రెండు పిన్నీసులు పెట్టాను, బాగా గుర్తు.
చేతులకింకా సబ్బు వాసన.
నా పేరు మాత్రం ఆసుపత్రిలో కూర్చొని
ఒక మనిషి బతుకు మూట విప్పి చూస్తా ఉంది.

తెర మీద వేలు పెట్టి చూపిద్దామనుకున్నాను.
ఆమెకు చదువు రాదు.
చదువొచ్చిన దాన్ని నేను, గంట సేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

మధ్యాహ్నం ప్లాస్టరు పీకేశాను.
గోరుతో గీకినా జిగురు మరక పోలేదు.
కొత్త పాస్‌వర్డు పెట్టి ఎవరికీ చెప్పలేదు.
డ్యూటీ డాక్టరు ఫోను టేబులు మీద విసిరాడు.
క్యూ టీ బంకు దాటి రోడ్డెక్కింది.
"కాంట్రాక్టు మనిషివి,
కలెక్టరు లెక్క చేస్తాండావే" అన్నాడు సూపర్‌వైజరు.
మనిషికో పేరు, పేరుకో తాళం ఇమ్మని రాసిన నా అర్జీ
నాలుగు నెలలుగా ఏదో ట్రేలో ఉంది,
పైన ఎవరిదో టిఫిను డబ్బా.

ఉరుకుందమ్మ మందులకు మళ్ళీ వచ్చింది.
వస్తుందనుకోలేదు.
మానిటరు నా వైపు తిప్పుకున్నాను.
వెనకున్నామెను గీత అవతల నిలబడమన్నాను,
ఆ గీత పొద్దునే నేను సుద్దముక్కతో గీసింది,
అప్పటికే సగం కాళ్ళకింద పోయింది.
చువ్వలకు నోరు ఆనించి మెల్లగా పేరు చెప్పింది.
టైపు చేశాను.

ఏం జబ్బని ఇంకా అడుగుతున్నారు మీరు.
చెప్పను.
ఆమె పేరు ఉరుకుందమ్మ కాదు.
ఊరు కోసిగీ కాదు.
పదకొండు నలభై ఏడు మాత్రం నిజం,
దాని పక్కన నా పేరు కూడా.