పలక కాగేదాకా

శెనక్కాయ పొట్టు రాజేసి పలక కాస్తా ఉండా,
కాగిన పలకనే, మళ్లీ.
తొందరేం లేదంది దేశమ్మ.

ముప్పై ఏళ్లు ఆమె పాటకు నాది దెబ్బ.
ఐరాల గానుగల కాడ,
బంగారుపాళ్యం మండీలో మామిడికాయల లారీ ఎక్కి,
చదువు రాని మేమిద్దరం
చదువుకోండని ఊరూరా చెప్పిన రెండేళ్లు,
చావిళ్ల ముందర తెల్లారేదాకా.
బోరు వేస్తే మొదట మట్టి, ఆనక బురద, ఆనక నీళ్లు.
ఆమె గొంతూ అంతే.
మొదటి చరణం ఎప్పుడూ మట్టే.
తెలిసినోళ్లు రెండోదానికి ఆగేవాళ్లు.

తలకోనకు షూటింగని వచ్చినోళ్లు ఆగలేదు.
పాట అడగలేదు. మొగం మీది గీతలు చూసినారు.
"ఇది చాలు" అన్నాడు టోపీ ఆయన.
ఒక పూట పని, చేతిలో మజ్జిగ కుండ,
పద్నాలుగు వందలు, కోడి బిర్యానీ.
నాకూ ఒక పొట్లం కట్టించుకొచ్చింది.

పుత్తూరులో ఆ బొమ్మకు బాల్కనీ టికెట్లు కొన్నాం.
తెరమీద దేశమ్మ నోరు తెరిచింది,
ఇంకెవరిదో గొంతు వచ్చింది,
ఇస్త్రీ చేసిన గొంతు.
"ఎవుర్రా అది?" అనింది నా చెవిలో.
నా వేళ్లు కుర్చీ చేతిమీద తాళం వెతికి
దొరక్క ఊరకున్నాయి.
మీ యాస జనానికి అందదమ్మా అన్నారంట.
అయితే ఇన్నాళ్లూ మా ముందర కూర్చున్నది ఎవురో.

పదకొండు సినిమాలు. తొమ్మిదిట్లో చచ్చిపోయింది,
విరామం లోపలే, హీరోకు కోపం వచ్చేదానికి.
దండేసిన ఆమె పటం సెట్టోళ్లు పారేస్తా ఉంటే
అడిగి తెచ్చుకుని వంటింట్లో తగిలించింది.
దాని వెనకాల రేషన్ కార్డు, కరెంటు బిల్లులు.
"బతికుండగానే పటమైనదాన్ని, నాకింకేం భయం" అంటాది
ప్లాస్టిక్ పూల మీది పోపు మసి తుడుస్తా.
మనవడి ఆటో అప్పు తీర్చింది.
నాకు కంటి ఆపరేషన్ చేయించింది.
ఆ మాట చెప్పకుంటే నాకు కళ్లు పోతాయి.

తిరుపతి బస్టాండులో ఆమెను ఆపి ఫొటోలు దిగుతారు.
అవ్వా, ఆ డైలాగు ఒకసారి చెప్పవా అంటారు.
ఆ డైలాగు ఆమె ఎప్పుడూ చెప్పలేదు.
షాటులో పెదాలు కదిపి
ఒకటీ రెండూ మూడూ అనింది, అంతే.

ఈ రాత్రి యాదమరి పక్క పల్లెలో
గానుగ చెంగల్రాయుడు పోయినాడు.
దేశమ్మ పాడితేనే పాడె లేవాలని చెప్పి పోయినాడు.
రెండు రోజుల షూటింగు ఎగ్గొట్టి
హైదరాబాదు బస్సులో వచ్చి దిగిందామె,
జుట్టుకు సినిమా తెలుపు ఇంకా వదల్లేదు.

ఎత్తుకునింది. మట్టి వచ్చింది.
ముందు వరసలో ఒక పిల్లోడు లేచి
"అవ్వా, ఇది నీ గొంతు కాదే!" అన్నాడు.
ఏడ్చేవాళ్లు కూడా నవ్వినారు.
దేశమ్మ నవ్వలేదు. నా తట్టు తిరిగి
"పలక చల్లబడింది, కాచుకుని రాపో" అనింది.

చల్లబడలేదు.
నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆడ దీపం కాడ ఆమె గొంతు సవరించుకుంటా ఉండాది,
దగ్గుతో మొదలై
దగ్గు కానిదేదో అవతా ఉండాది.
పిల్లోడు నా ఎనకాలే వచ్చి మంట కాడ కూర్చున్నాడు.
"పాట ఇంకా ఉందా?" అని అడిగినాడు.

ఇంకో పిడికెడు పొట్టు వేసినా.