వాన పడాలి

శనివారం పొద్దున్నే మునిసిపాలిటీ పంపిన పాత బస్సు
మా కొండ ఎక్కలేక సగంలో ఆగి దగ్గింది.
మేమే దిగి వెళ్ళి ఎక్కాం.
యాభై మంది ప్రతినిధులం, నలభై సీట్లు.
పోర్తో అలెగ్రీలో మా వైపు వాడలన్నిటికీ
ఈ ఏడాది డబ్బు ఒక్క పనికే వస్తుందట.
ఓటుకు ముందు ఒకరి వీధి ఒకరు చూసి రావాలి.
"చూడకుండా అడగొద్దు, చూడకుండా కాదనొద్దు"
అంది జుల్మీరా, మైకు లేకుండానే.
చేపల మార్కెట్లో ముప్ఫై ఏళ్ళు అరిచిన గొంతు.

నా జేబులో మా సందు వాళ్ళ కాగితం.
నూట పన్నెండు సంతకాలు, ఏడు వేలిముద్రలు,
అడుగున ఎవరి పిల్లాడో గీసిన ట్రక్కు బొమ్మ.
మాకు కావలసింది మూడొందల మీటర్ల రాళ్ళ రోడ్డు.
చలికాలపు వానల్లో మా ఆడవాళ్ళు
కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని దిగుతారు.
కింద బస్టాపులో విప్పి, స్తంభానికి తగిలించి,
పనిచేసే ఇళ్ళకు శుభ్రమైన బూట్లతో వెళ్తారు.
సాయంత్రం దాకా అవి అక్కడే ఊగుతుంటాయి.
ఎవరూ ఎత్తుకుపోరు.

మూడో మజిలీ, కాలువ గట్టు.
అడాల్జీజా ఇంట్లో ఫ్రిజ్
నాలుగు ఇటుకల మీద మునివేళ్ళపై నిలబడ్డట్టుంది.
గోడ మీద పెన్సిల్ గీతలు.
మనవడు మార్చిలో ఇంత, ఆగస్టులో ఇంత.
వాటికి బెత్తెడు పైన
గోధుమ రంగులో ఇంకో గీత.
"ఇదెవరి ఎత్తు?" అన్నాడు ఎర్నానీ, తెలియక.
"మురుగుది" అందావిడ.
కాఫీ ఇచ్చింది. కప్పులు చాలక కడిగి కడిగి ఇచ్చింది.
నా వంతు వచ్చేసరికి చల్లారింది.

ఆదివారం, సాంబా బడి షెడ్డు.
డప్పులన్నీ గోడవారకు జరిపారు.
బోర్డు మీద సుద్దముక్కతో ఉన్న డబ్బెంతో రాశారు.
చిన్న మొత్తం,
వెనక వరసకు కనిపించేంత పెద్ద అంకెల్లో.
మా రాళ్ళకు పంతొమ్మిది చేతులు.
ఆమె మురుగు గొట్టాలకు ముప్ఫై ఒకటి.
ఆ ముప్ఫై ఒకటిలో నాదొకటి.
అది లేస్తుంటే
పక్కవాడి చెయ్యిని చూసినట్టు చూశాను.

రాత్రి ఇరాసీ అన్నం వడ్డిస్తూ అడిగింది.
"నువ్వెత్తకపోయినా గెలిచేదే కదా?"
"గెలిచేదే."
"మరి?"
గోడ సంగతి చెప్పాను. బెత్తెడు పెట్టి చూపించాను.
నా వేళ్ళకేసి చూసింది,
గుమ్మంలో ఆరేసిన సంచుల కేసి చూసింది,
ఇంకో గరిటె బీన్స్ వేసింది.
క్షమించిందో, నోరు మూసుకుని తినమందో
ఇప్పటికీ తెలీదు.

సందులో కొందరు వారం పాటు పలకరించలేదు.
ఒకాయన కాగితం తిరిగిచ్చెయ్యమన్నాడు.
ఇవ్వలేదు.
ట్రక్కు బొమ్మతో సహా నా దగ్గరే ఉంది.

వచ్చే ఏడాది బస్సు మా సందుకూ వస్తుంది.
ఆ శనివారం వాన పడాలి.
చినుకులు కాదు, పెద్ద వాన.
అడాల్జీజా కోసం
రెండు సంచులు మడిచి పెట్టాను.